అంగట్లో తొమ్మిదివందలు దాటదన్నారు, పదహారువందలు దాటింది. ఏసీ లెక్క యాడ తప్పింది?

కొర్లగుంట కోడలు:
మాది తిరుపతి కొర్లగుంటలో అద్దె ఇల్లు. రెండో అంతస్తు, మా పైన ఇంగ మిద్దే. రాత్రి తొమ్మిదికి బట్టలు తీసుకొద్దామని పైకి పోతే అరికాళ్ళు చుర్రుమంటాయి. పగలంతా కాగిన కొండ ఆ వేడినంతా రాత్రి మా మీదికే వదుల్తుందేమో అనిపిస్తుంది. అత్తకు నిద్ర పట్టడం లేదని ఏప్రిల్లో 1.5 టన్నుల త్రీస్టార్ ఇన్వర్టర్ ఏసీ తీసుకున్నాం.

అంగట్లో అబ్బాయి స్టిక్కర్ చూపించి లెక్క కట్టినాడు. 1,600 గంటలకు 980 యూనిట్లు, అంటే గంటకు 0.61. రాత్రి పది నుంచి ఆరు దాకా 8 గంటలు, 30 రోజులకు 147 యూనిట్లు. యూనిట్‌కు 6 రూపాయలు వేసుకున్నా తొమ్మిదివందల లోపే అన్నాడు. నాకూ సబబుగానే తోచింది.

మార్చిలో మా వాడకం 160 యూనిట్లు. మే నెలకు 370. ఒక్క ఎనర్జీ చార్జీలే 627 నుంచి 2,285.75కు పోయినాయి, మిగతా చార్జీలు వేరే. ఏసీ తప్ప ఇంట్లో కొత్త వస్తువు ఏదీ రాలేదు. మీటరు పరుగెత్తుతా ఉందా, ఏసీ తేడానా, నా లెక్కే తప్పా?

బైరాగిపట్టెడ బాబు:
అక్కా, 1.5 టన్ను అంటే గంటకు 1.5 యూనిట్. 8 గంటలు, 30 రోజులు, 360 యూనిట్లు రావాల. మీకు 210తో పోయిందంటే సంతోషపడండి.

వైరింగన్న, చిత్తూరు:
బాబూ, టన్నుకూ యూనిట్‌కూ చుట్టరికం లేదు. టన్ను అనేది ఏసీ గదిలోంచి ఎంత వేడి లాగుతుందో చెప్పే కొలత. ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరిగితే ఎంత వేడి తాగుతుందో అంత, సుమారు 3.5 కిలోవాట్లు. ఆ వేడిని బయటికి తోసేదానికి కరెంటు ఎంత తింటుందనేది వేరే సంగతి.

అమ్మా, నీ లెక్కలో తప్పులు రెండు.

పెద్దది రేటు. మన రాష్ట్రంలో 2022లో మార్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. కింది స్లాబులన్నీ నీ ఫ్రిజ్జు, ఫ్యాన్లు, మోటరు, మిక్సీ ఎప్పుడో తినేసినాయి. ఏసీ వచ్చి కూర్చున్నది 161వ యూనిట్ నుంచి. అందులో 65 యూనిట్లకు 6 చొప్పున 390. మిగతా 145కు 8.75 చొప్పున 1,268.75. కలిపితే 1,658.75. నీ ఎనర్జీ చార్జీల్లో పెరిగింది సరిగ్గా అంతే కదా? మొత్తం ఎనర్జీ చార్జీలను యూనిట్లతో భాగిస్తే 6.18 వస్తుంది, చూసేదానికి బాగుంటుంది గానీ ఏసీకి పడే రేటు అది కాదు. ఏసీకి 7.90 పడింది.

రెండోది యూనిట్లు. స్టిక్కర్ అబద్ధం కాదు. అది ఏడాది పొడుగునా రకరకాల ఎండలకు సగటు తీసి వేసిన అంకె. కాగిన మిద్దె కింద మే నెల రాత్రికి ఆ సగటు సరిపోదు.

మీటరు మీద అనుమానం ఉంటే నువ్వే చూసుకో. మీటరు మీద ఎర్ర లైటు మినుకుతా ఉంటుంది, పక్కనే ఇంపల్స్ అంకె రాసుంటుంది. నిండా మీటర్లకు 3,200 ఉంటుంది, నీదానికి ఎంతుందో చూడు. అన్ని మినుకులైతే ఒక యూనిట్. ముందు ఏసీ ఆపి ఒక నిమిషం లెక్కపెట్టు. తర్వాత ఏసీ వేసి పది నిమిషాలాగి ఇంకో తూరి, మూడు గంటలకు మళ్ళీ ఒక తూరి. నిమిషం మినుకుల్ని 60తో గుణించి ఆ ఇంపల్స్ అంకెతో భాగిస్తే గంటకు ఎన్ని యూనిట్లో వస్తుంది.

పలమనేరు చలిగాలి:
మాకు ఫ్యాన్‌తోనే గడిచిపోతుంది లెండి, నవ్వుకోవద్దు. చెన్నైలో ఉన్నప్పుడు మాత్రం 27లో పెట్టి పైన ఫ్యాన్ రెండులో వేసేవాళ్ళం. డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ (ఏసీలకు స్టార్లిచ్చే కేంద్ర సంస్థ) లెక్క. ఫిల్టరు రెండు వారాలకొకసారి కొళాయి కింద పెట్టి కడగండి. మాది ఒక తూరి విప్పితే బూజుపట్టిన దుప్పటి మాదిరి ఉండింది.

కొర్లగుంట కోడలు:
అన్నా, లెక్కపెట్టినాను. రాత్రి పూట టార్చి పట్టుకుని మీటరు పెట్టె ముందు పెదాలు ఆడిస్తా నిలబడితే కింది పోర్షన్ ఆమె జపం చేస్తా ఉండావా అని అడిగింది.

మాదీ 3,200 మీటరే. ఏసీ లేకుండా నిమిషానికి 10. వేసినాక 90. ఒంటిగంటకు లేచి చూస్తే 50. ఆ 10 తీసేస్తే ఏసీకి మొదట గంటకు 1.5 యూనిట్, గది చల్లబడినాక 0.75. మొదటి గంటన్నర ఎక్కువ, తర్వాత ఆరున్నర గంటలు తక్కువ, కలిపితే రాత్రికి ఏడు చిల్లర. నెలకు 210 అట్ల వచ్చినాయన్నమాట. మీటరు మంచిదే, పాపం.

వైరింగన్న, చిత్తూరు:
ఇంగ మిద్దె వేడి సంగతి చూడు. ఓనర్ను అడిగి మిద్దె మీద సున్నం రెండు పూతలు కొట్టించు. ఇప్పుడు నువ్వు మిగిల్చే ప్రతి యూనిట్ 8.75 స్లాబులోంచే తగ్గుతుంది, మర్చిపోవద్దు.

కొర్లగుంట కోడలు:
పది రోజులైంది. సున్నం మా ఆయనే కొట్టినాడు, ఓనరు డబ్బియ్యలేదు గానీ వద్దనలేదు. 24 నుంచి 27కు మార్చి ఫ్యాన్ వేస్తా ఉండాం. రాత్రి పదికి, పొద్దున ఆరుకి మీటరు రాసుకుంటా ఉండా. ముందు ఫ్రిజ్జుతో కలిపి 8.6 తిరిగేది, ఇప్పుడు 7.1. రాత్రికి ఒకటిన్నర, నెలకు 45 యూనిట్లు, 393.75 రూపాయలు.

అత్త మాత్రం రెండు గంటలకు లేచి 27ను 24కు దించుతా ఉండింది. నిన్నట్నుంచి రిమోటు నా దిండు కింద పెట్టుకుంటా ఉండా.