2018కి నందులు ఇచ్చుంటే మీ ఓటు ఎవరికి?

ఊర్వశి జంక్షన్:
సినిమాలకి ఆంధ్రా ప్రభుత్వం ఇచ్చే నంది అవార్డులు 2014, 2015, 2016 మూడేళ్లవీ కలిపి 2017 నవంబరులో ప్రకటించారు. ఆ తర్వాత సినిమాలకి నంది ముఖమే లేదు. మిగతా ఏళ్ల సంగతేమో గానీ 2018 తలుచుకుంటే మాత్రం కడుపు మండుతుంది. ఒకే ఏడాదిలో రంగస్థలం, మహానటి, కేరాఫ్ కంచరపాలెం. అలాంటి ఏడాదికి అవార్డుల్లేకపోవడమేటండీ బాబూ!

సరే, జ్యూరీలో నన్ను కూర్చోబెట్టారనుకోండి. బంగారు నంది కంచరపాలేనికే. వెండి మహానటికి, కాంస్యం రంగస్థలానికి. "విశాఖలో మీ పేట సినిమా కాబట్టి అంటున్నావు" అంటారు. అనండి, పర్లేదు.

నటి కీర్తి సురేష్. దాని మీద చర్చే లేదు, జాతీయ అవార్డు కూడా ఇచ్చేశారు. సంగీతం రంగస్థలం దేవిశ్రీకి. పాట మాత్రం కంచరపాలెంలోని "ఆశా పాశం". విశ్వ రాశారు, స్వీకార్ అగస్తి బాణీ, అనురాగ్ కులకర్ణి గొంతు. మా వీధిలో ఆటోవాళ్లు ఇప్పటికీ పెడుతుంటారు.

అసలు గొడవ ఉత్తమ నటుడి దగ్గర. నా ఓటు కంచరపాలెంలో చేసిన సుబ్బారావు వేపాడకి. పెళ్లి వయసు ఎప్పుడో దాటిపోయిన అటెండర్ రాజు. ఒడిశా నుంచి వచ్చిన ఆఫీసరమ్మ రాధ చనువుగా మాట్లాడుతుంటే ఆయన పూర్తిగా నవ్వడు చూడండి, సగంలో ఆపేస్తాడు. మేడం దగ్గర ఎంతవరకు నవ్వొచ్చో లెక్క తెలిసిన మనిషి నవ్వు అది. మీరెవరికి వేస్తారు?

జగదాంబ మార్నింగ్ షో:
సుబ్బారావు గారు బాగా చేశారు, ఎవడు కాదన్నాడు? కానీ గురూ, సొంత ఊళ్లో, సొంత యాసలో, తనలాంటి మనిషిగా చేయడం వేరు. రంగస్థలంలో రామ్ చరణ్ లాంటి పెద్ద స్టార్ లుంగీ కట్టి, గోదారి యాస పట్టి, సరిగ్గా వినపడని చిట్టిబాబుగా మొదటి నుంచి చివరిదాకా నిలబడటం వేరు. ఎదుటివాడి పెదాలకేసి చూసి, సగం మాట అందక, అందినట్టే జవాబు చెప్పేస్తుంటాడు. ముందు మనం దానికి నవ్వుతాం. అన్న కుమార్‌బాబు దగ్గరికొచ్చేసరికి అదే చెవుడు పీక పిసికేస్తుంది. నా ఓటు చరణ్‌కే, ఇందులో రెండో మాట లేదు.

ఇంకోటి. సౌండింజనీర్ అని పిలిపించుకునే చెవిటివాడి సినిమాకి జాతీయ అవార్డు వచ్చిందేమో సౌండ్ మిక్సింగ్‌కి! హీరోకి మాత్రం రాలేదు.

ఊర్వశి జంక్షన్:
తనలాంటి మనిషిగా చేయడం సుళువా? మీ ఇంట్లో ఏదో ఒక పెళ్లి వీడియో పెట్టి చూడండి. రోజంతా గలగలా మాట్లాడే బాబాయ్, కెమెరా లైటు మొహం మీద పడగానే కొయ్యబారిపోతాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీదు. కంచరపాలెం జనం అంతమంది చేశారు, అందులో ఒక్కరైనా అలా బిగుసుకుపోయారా? అందుకే దర్శకుడి నంది వెంకటేష్ మహాకి.

చరణ్ బాగా చేశాడు, నిజమే. కాకపోతే అతను కష్టపడుతున్నాడని మనకి తెలుస్తూనే ఉంటుంది. రాజు దగ్గర ఆ కష్టం కనపడదు.

గాజువాక పిల్ల:
మీరిద్దరూ హీరోల దగ్గరే ఆగిపోయారు. నా నంది కంచరపాలెంలో సలీమాకి, సహాయ నటి విభాగంలో. బ్రాందీ షాపుకి వస్తుంది, అక్కడ పనిచేసే గెడ్డం అనే అతనికి కనపడేది ఆవిడ కళ్లే. మొహం లేకుండా ప్రేమకథ నడపాలంటే మాటలా? చేసిన ప్రవీణ పరుచూరి గారే నిర్మాత, పైగా అమెరికాలో గుండె డాక్టరు. రంగమ్మత్తగా అనసూయ నాకూ ఇష్టమే, కానీ ఓటు ఇటే.

ఎంవీపీ కాలనీ:
తెలంగాణ వాళ్లు 2025లో గద్దర్ అవార్డులు ఇస్తూ, 2014 నుంచి 2023 దాకా ఒక్కో ఏడాదికి మూడేసి సినిమాలు ఎంచారు కదా. 2018కి మహానటి, రంగస్థలం, కేరాఫ్ కంచరపాలెం, ఇదీ వరుస. 2017లో మూడోది ఘాజీ, అదీ మన సముద్రం కథే. వైజాగ్ కథలకి హైదరాబాద్ నుంచి రెండుసార్లు మూడో స్థానం దక్కింది, ఇక్కడేమో సున్నా.

రాజీకి ఒక మాట చెప్తా. చరణ్‌కి ఉత్తమ నటుడు, సుబ్బారావుకి స్పెషల్ జ్యూరీ. నందుల్లో ఆ విభాగం ఉండేదిగా.

ఊర్వశి జంక్షన్:
స్పెషల్ జ్యూరీ వద్దండీ. పెద్ద హీరో పక్కన చిన్నోడు ఎప్పుడు బాగా చేసినా ఆ పెట్టెలో పడేయడం అలవాటైపోయింది. "బాగా చేశావు నాయనా, వెళ్లిరా" అన్నట్టుంటుంది.

కావాలంటే సినిమా దగ్గర దిగొస్తా. బంగారం మహానటికి ఇచ్చి కంచరపాలేనికి వెండి ఇవ్వండి, సంతకం పెడతా. సలీమాకి నా ఓటు కూడా వేసుకోండి. సుబ్బారావు దగ్గర మాత్రం తగ్గేది లేదు.

2019 ఎవరు మొదలెడతారు? జెర్సీలో నాని అని అందరూ అంటారు, నేనూ అంటా. ఇంకో పేరు చెప్పే మొనగాడెవడైనా ఉంటే రండి.