సెకండ్ హ్యాండ్ వాల్తర్ ఎయిర్ రైఫిల్ తీస్కుంటే ఇంకో పదేండ్లు నడుస్తదా? తెలిసినోళ్లు చెప్పున్రి

హన్మకొండ_నాన్న:
అందరికి నమస్తే. మా బిడ్డ ఇంటర్ ఫస్టియర్, రెండేండ్ల సంది పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కొడుతున్నది, ఇప్పటిదాంక క్లబ్బు రైఫిలే. క్లబ్బుదంటే తెలుసుగదా, పొద్దున నలుగురు పట్టుకుంటరు సాయంత్రం ఇంకో నలుగురు, ఎవ్వలికి వాళ్లు భుజానికి ఆనే బట్ ప్లేటు, చెంప ఆనే చీక్ పీసు తిప్పి పెడ్తరు, మా పిల్ల పోయేసరికి మళ్ల మొదటి నుంచి సెట్టింగే, సగం టైము దానికే పోతది. అందుకని సొంతది కొందామని చిట్టి ఎత్తిన. హైదరాబాద్‌ల ఒక సీనియర్ షూటర్ తన వాల్తర్ ఎల్‌జి400 అమ్ముతున్నడు, రెండు లక్షల పదివేలు చెప్తున్నడు, చూడనీకైతే కొత్త దాని లెక్కనే ఉన్నది, గాలి సిలిండర్ మీద 2013 అని కొట్టి ఉన్నది. ఇంకోదిక్కు మన దేశపు పీసీపీ (ముందుగాల గాలి నింపి కొట్టే రైఫిల్) కొత్తది అండ్ల సగానికి తక్కువకే వస్తది. నేను ప్రైవేటు స్కూల్‌ల సార్‌ను, మళ్లమళ్ల కొనేటోన్ని కాదు. మరి ఈ పాతది తీస్కుంటే రిపేర్లకే పైసలన్ని పోతయా? వరంగల్‌ల అయితే దీన్ని విప్పి చూసేటోడు నాకు దొరకలే. లైసెన్స్ సంగతి అడుగుతలేను, 0.177 బోరు, 20 జౌల్స్ లోపల కాబట్టి అక్కర్లేదని తెలుసు.

కాజీపేట_177:
సార్, నేను లోకో షెడ్డుల పని చేస్త, ఎయిర్ బ్రేకుల దగ్గర. మా దగ్గర బ్రేక్ వాల్వు ఓవరాల్‌కు వస్తే ఇనుప భాగాలు కడిగి, చూసి, మళ్ల అవ్వే పెడ్తం, రబ్బరు మాత్రం కంటికి మంచిగ కనబడ్డా సరే పారేసి కొత్త కిట్టు వేస్తం, అడిగే పనే లేదు. మీ రైఫిల్‌ను గూడ గట్లనే చూడున్రి. బ్యారెల్‌కు ఏం గాదు, సీసం పెల్లెట్ మెత్తగ ఉంటది, స్పీడు సెకనుకు 170, 175 మీటర్లే, ఆ బ్యారెల్ మీ బిడ్డ కొట్టి మీ మనుమరాలు కొట్టినా అరగది. అరిగేది, ఎండేది, పగిలేది ఓ-రింగులు (గాలి పోకుండ ఆపే రబ్బరు చుట్లు), వాల్వు సీట్లు, ప్రతి గుండుకు గాలి ఒక్క తీరుగ ఇచ్చే రెగ్యులేటర్ లోపలి సీలు. అవి పది రూపాయల వస్తువులే గని సరైన సైజు, సరైన రకం దొరకాలె, దొరికినంక వేసే చెయ్యి గావాలె, అసలు ఖర్చు అండ్లనే.

ఇగ 2013 సిలిండర్. అది అయిపోయింది సార్, దానికి లెక్క కట్టకున్రి. జర్మన్ కంపెనీల సిలిండర్లకు చానా వాటికి తయారైన తేదీ నుంచి పదేండ్లనే రాస్తరు, పెద్ద మ్యాచుల ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌ల తేదీ చూస్తరు, ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూల్ ప్రకారం సిలిండర్ తేదీ లోపల ఉన్నదా లేదా చూసుకునే బాధ్యత షూటర్‌దే. 200 బార్ గాలి అంటే మాములు కాదు, కారు టైర్ల రెండు రెండున్నర బార్ ఉంటది, అది యాదికుంచుకోన్రి. కొత్త సిలిండర్ ఎంతనో అడిగి ఆ పైసలు రేట్ల నుంచి తగ్గియ్యమనున్రి. కొత్తది ఎన్ని రోజులకు వస్తదో గూడ అడుగున్రి, బయటి నుంచి రావాల్సినయి ఒక్కోసారి నెలలు పడ్తయి.

ఇంకోటి, పోయినప్పుడు గేజు చూసి ఊరుకోకున్రి. గాలి నింపంగనే సిలిండర్ వేడెక్కుతది, సల్లారినంక ముల్లు కొంచెం దిగుతది, అది లీక్ కాదు. సల్లారినంక నంబర్ రాసుకొని, ఒక రాత్రి ఉంచి, మళ్ల అదే టైముకు చూడాలె. క్రోనోగ్రాఫ్ (గుండు స్పీడు కొలిచే మిషిని) ఉన్నోన్ని తోడు తీస్కపోయి ఇరవై పెల్లెట్లు కొట్టిపియ్యున్రి. ఒక గంట ఆపి మళ్ల కొడితే మొదటి గుండు ఒక్కటే జోరుగ పోయి మిగిలినయి మాములుగుంటే రెగ్యులేటర్ సీలు పోతున్నట్టు.

పెల్లెట్_డబ్బా:
ఏం లొల్లి ఇదంతా, సింగిల్ స్ట్రోక్ తీస్కోన్రి అన్న. ఫైన్‌వర్క్‌బావ్ 603 లాంటిది. సిలిండర్ లేదు, తేదీ లేదు, గాలి నింపే బాధ లేదు, పక్కన లివర్ ఒక్కసారి గుంజితే ఒక షాటు. నా దగ్గర ఉన్నది పాతదే, సీళ్లు ఒక్కసారి మార్పిచ్చిన, గంతే. స్ప్రింగ్ మ్యాచ్ రైఫిళ్లు మాత్రం వద్దు, పాత డయానా 75 లాంటియి చూడనీకి మస్తుంటయి, లోపల పిస్టన్ సీలు ఏండ్లు గడిస్తే కొట్టకున్నా దానంతట అదే పొడిపొడి అయితది.

కరీంనగర్_అక్క:
తమ్మీ 603 మంచిదే గని ఆ లివర్‌ను మ్యాచ్‌ల అరవై సార్లు, ప్రాక్టీసుల వందసార్లు గుంజాలె, ప్రతిసారి పొజిషన్ కదులుతది. పదహారేండ్ల పిల్లకు ఎందుకు చెప్పు.

సార్, నా కొడుకుది గూడ గిట్లనే సెకండ్ హ్యాండే, ఐదేండ్లైతుంది. నేను చేసిన తప్పు చెప్త వినున్రి. మొదటి ఏడు ఆగస్టుల, వానలు మస్తు పడుతున్నయి, రైఫిల్ గాలి సప్పుడు వస్తున్నదని మా దిక్కు ఒకాయన, సైకిల్ పంపులు, బోరింగులు మంచిగ చేస్తడు, నేను చూస్త అక్కా అన్నడు. విప్పిండు, ఏదో నూనె పెట్టిండు, బిగిచ్చిండు. సప్పుడు బందైంది. నెల రోజులకు ఓ-రింగు ఉబ్బి, స్టేట్ మీట్‌కు నాలుగు రోజుల ముందు గాలి మొత్తం దిగింది. పిలగాడు వేరేటోళ్ల రైఫిల్‌తోని కొట్టిండు, ఇప్పటికీ అంటడు. దాని లోపల మిషిని నూనె, వాసెలిన్ అసలే పెట్టొద్దు, సిలికాన్ గ్రీజే, అదీ బియ్యపు గింజంత. ఎక్కువ పీడనం గాలిల మాములు నూనె అంటుకునే ప్రమాదం గూడ ఉంటదట, అది మాకు తర్వాత తెలిసింది.

ఇంక గాలి సంగతి అడుగనే లేదు మీరు. రోజుకు వంద గుండ్లు, వారంల ఐదు రోజులు అనుకోన్రి, సిలిండర్‌కు రెండు వందల యాభై వస్తయనుకుంటే వారానికి రెండుసార్లు నింపాలె, ఏడాదికి వందసార్లు పైనే. క్లబ్బుల నింపిస్తరా? లేకుంటే పెద్ద డైవింగ్ సిలిండరా, హ్యాండ్ పంపా? ఇది ఖాయం చేసుకోకుండ రైఫిల్ కొనుడంటే ఎండ్ల కట్టెయ్యనీకి బర్రెను కొన్నట్టే.

హన్మకొండ_నాన్న:
అక్కా మీరు చెప్పింది చదివి మా ఇంటామె నవ్వింది, బర్రె మాట ఆమె నోటికి గూడ వచ్చింది. గాలి క్లబ్బుల వారానికి ఒక్కసారే నింపుతరట. హ్యాండ్ పంపు కొంటే నడుస్తదా? ఇక్కడ ములుగు రోడ్డు దిక్కు వెల్డింగ్ షాపాయన, మా దగ్గర గ్యాస్ సిలిండర్లు ఉన్నయి సార్ నింపిస్త అంటున్నడు.

కాజీపేట_177:
సార్ వద్దు వద్దు వద్దు!! వెల్డింగ్ షాపుల ఉండేది ఆక్సిజన్. ఎయిర్ రైఫిల్‌ల ఆక్సిజన్ నింపితే గ్రీజుకు, నూనెకు తగిలి పేలుతది, ఆ మాట మళ్ల అనకున్రి, ఆయనతోని గూడ చెప్పున్రి. శుభ్రమైన పొడి గాలే నింపాలె.

హ్యాండ్ పంపు నడుస్తది గని మన వానకాలంల గాలిల తేమ ఎక్కువ, ఫిల్టర్ లేని పంపు ఆ నీళ్లన్ని సిలిండర్ లోపలికే కొడ్తది. అందుకే తేమ ఫిల్టర్ ఉన్నదే తీస్కోవాలె, అండ్ల తేమ గుంజే గింజలు రంగు మారంగనే మార్చాలె, యాభై సార్లు కొట్టి ఆగాలె, పంపు సల్లారనియ్యాలె. పూర్తి ఖాళీ కాకముందే నింపుతుంటే కష్టం తక్కువ. ఇంట్ల పెట్టినా కొంచెం ప్రెషర్ ఉంచున్రి, సీళ్లు గుంజుకోని ఉంటయి. డైవింగ్ సిలిండర్ అయితే 300 బార్ ది మేలు, 200 ది అయితే మొదటిసారే మంచిగ నిండుతది, తర్వాత తర్వాత తగ్గుకుంటనే పోతది, దానికి గూడ టెస్టింగ్ తేదీ ఉంటది. ఎండకాలం కార్ల మాత్రం పెట్టి పోకున్రి. 25 డిగ్రీలకు 200 బార్ ఉన్నది కారు లోపల 60 అయితే 220 దాటుతది, మే నెలల మన చౌరస్తల పార్కింగ్ చేసిన కారు 60 కాకుండ ఉంటదా.

పెల్లెట్_డబ్బా:
సరే నా 603 వద్దన్నరు గని ఒక్కటి చెప్త, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్న మోడల్ అయితే వదిలెయ్యున్రి. మెకానికల్ ట్రిగ్గర్ పాడు గాదు, విప్పకుంటే. ఎలక్ట్రానిక్ ది బోర్డు పోతే ఎవడు చేస్తడు ఈడ.

కరీంనగర్_అక్క:
ఈ మాట మాత్రం కరెక్టే. స్క్రూలు తిప్పుడు అలవాటు ఉంటే పిల్లలతోని గూడ చెప్పున్రి, ట్రిగ్గర్ బరువు, స్టాక్ సెట్టింగ్ వరకే, లోపలికి పోవద్దు. బిడ్డ ఇంక పెరుగుతది గదా, స్టాక్ సైజు సర్దుకునేదే అయితే పాతదైనా అదే మేలు, ఆ మన దేశపు పీసీపీలు సరదాకు కొట్టేటోళ్లకు బాగానే ఉంటయి, మ్యాచ్ స్టాక్ ఉన్నదా లేదా చూసుకోన్రి. బరువు అయిదున్నర కిలోలు దాటొద్దు, అది గూడ తూకం వేసే చూడున్రి, కొందరు సీసం ముక్కలు కట్టి పెడ్తరు.

హన్మకొండ_నాన్న:
మొన్న ఆదివారం కాజీపేటల పొద్దుగాల రైలెక్కి పోయినం, నేను, బిడ్డ. మెకానికల్ ట్రిగ్గరే. రాత్రి గేజు 190 రాసుకున్న, అక్కడ మా బామ్మర్ది ఇంట్లనే ఉన్నం, పొద్దున 186. ఆయన క్రోనోగ్రాఫ్ పెట్టనిచ్చిండు, ఇరవై గుండ్లల్ల ఎక్కువకు తక్కువకు రెండు మీటర్లు కూడ తేడా లేదు, గంట ఆపి కొట్టినా మొదటిది ఒక్కటే జోరుగ పోలే. కొన్నప్పుడు కంపెనీ ఇచ్చిన టెస్ట్ టార్గెట్ కాగితం గూడ దాచిపెట్టిండు, అది చూసినంక మనసుకు నమ్మకం వచ్చింది, దాచుకునేటోడు మంచిగనే చూసుకుంటడని. సీళ్లు ఎప్పుడు మార్చిన్రని అడిగితే మాత్రం ‘ఎందుకు మార్చాలె, మంచిగనే నడుస్తుంది గదా’ అన్నడు.

సిలిండర్ లేకుండ, సీల్ కిట్టు పైసలు గూడ తీసేసి చెప్పమన్న. లక్షా అరవైకి బ్యారెల్, యాక్షన్, స్టాక్ ఇయ్యమన్న. ఆయన మొఖం మారింది, బుధవారం చెప్త అన్నడు. బిడ్డ రైల్ల కాజీపేట దాంక ఒక్క మాట మాట్లాడలే.

కాజీపేట_177:
బుధవారం ఆయన లక్షా ఎనభై అంటడు. మీరు డెబ్బై అనున్రి. కొత్త సిలిండర్ ఆర్డర్ ఇచ్చేముందు థ్రెడ్ మీ మోడల్‌కు సరిపోతదా అని రాసి అడుగున్రి, కంపెనీకి కంపెనీకి మారుతది. వచ్చినంక షెడ్డు దిక్కు తీస్కరాన్రి సార్, సబ్బు నీళ్లు పెట్టి జాయింట్లన్ని చూద్దాం.