అప్‌డేట్: ఏడబ్ల్యూడీ కాదు, లో-రేంజ్ ఉన్నదే తీసుకున్నాం

ఐదుగురికి, లగేజీకి సరిపడుతూ మారేడుమిల్లి, వంజంగి వైపు మట్టిదారులకు పనికొచ్చే బండికి ఏడబ్ల్యూడీ (అవసరాన్ని బట్టి నాలుగు చక్రాలకూ దానంతటదే శక్తి పంపేది) చాలా, ఫోర్‌బైఫోర్ (నాలుగు చక్రాల డ్రైవ్‌ను మనమే ఎంచుకునేది) కావాలా అని అడిగాను కదా. చివరికి స్కార్పియో-ఎన్ డీజిల్ ఫోర్‌బైఫోర్ బుక్ చేశాం. ఎక్స్‌యూవీ700 ఏడబ్ల్యూడీ హైవే మీద హాయిగా ఉంటుంది, వానలో పట్టు కూడా బాగుంటుంది. కానీ దాంట్లో లో-రేంజ్ (వేగం బాగా తగ్గించి లాగే బలం పెంచే అదనపు గేరు) లేదు. నిండు లోడుతో రాళ్ల దిగుడులో తేడా తెలిసేది అక్కడే. లో-రేంజ్‌లో మొదటి గేరు వేస్తే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. అది లేకపోతే బ్రేకు తొక్కుతూనే దిగాలి, ప్యాడ్లు వేడెక్కి పట్టు సడలుతుంది.

ఒక జాగ్రత్త: ఈ రకం ఫోర్‌బైఫోర్‌లో సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. పొడి తారురోడ్డు మీద 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి, మామూలు గేర్లు) మలుపు తిప్పితే ముందు, వెనక చక్రాల వేగం కలవక స్టీరింగ్ బిగుసుకుంటుంది, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేరుపెట్టె) మీద భారం పడుతుంది. తారు మీద 2హెచ్ (వెనక చక్రాలకే శక్తి) చాలు. 4ఎల్‌కి, అంటే లో-రేంజ్‌కి, మారాలంటే బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టాలి.

ముందు కొనాల్సింది మంచి ఏటీ (ఆల్-టెరైన్, తారుకూ మట్టికీ పనికొచ్చే) టైర్లు, గాలి పంపు. సూర్యలంక బీచ్ లాంటి ఇసుకలో టైర్ల గాలి ఒత్తిడిని 18 పీఎస్ఐకి దించాలి. తారెక్కగానే మళ్లీ నింపాలి. లైట్ బార్ తర్వాత చూద్దాం!