ఉత్తర చూసి ఎత్తర గంప... ఏ గంప?

బడిపంతులు: ఎనిమిదో తరగతికి కార్తెల మీద, అంటే సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే రోజుల మీద, ప్రాజెక్టు పెట్టాం. లెక్కల్లో 360 డిగ్రీలను 27 నక్షత్రాలకు పంచారు. సూర్యుడు రోజుకు దాదాపు ఒక డిగ్రీ కదులుతాడు కాబట్టి కార్తెకు 13, 14 రోజులని పిల్లలే తేల్చారు. సైన్సులో సీసా కోసి వాన కొలిచారు. తెలుగు వంతుకొచ్చేసరికి ‘ఉత్తర చూసి ఎత్తర గంప, విశాఖ చూసి విడవర కొంప’ దగ్గర ఆగిపోయాం. ఆ గంప విత్తనాలదా, వలసపోయేవాడి సామానుదా?

కరీంనగర్ రైతుబిడ్డ: వలస గంపనే సార్. ఉత్తర వచ్చేది సెప్టెంబరు 13 అటూఇటూ. అప్పటికీ చెరువు నిండకుంటే ఇంకేం విత్తుతరు? మా దిక్కు రెండో సగం అననే అనరు.

నెల్లూరమ్మాయి: ఈశాన్య రుతుపవనాలతో మీకు పెద్దగా పని లేదు, అందుకే అనరు. విశాఖ నవంబరు 6 ప్రాంతంలో వస్తుంది. మాకు అసలు వానలు అప్పుడేగా! ఆ రెండో సగం మా వైపే పుట్టిందని నా గట్టి నమ్మకం. అయినా ఉత్తరకే ఊరొదిలేస్తే విశాఖకు విడవడానికి కొంపెక్కడుందండీ? కాబట్టి విత్తనాల గంపే.

ఛందోభిమాని: అర్థం సరే, ఆ ‘ఎ’ని ఎవరూ పట్టించుకోరేం? విశాఖ, విడవరల్లో మొదటి అక్షరాలు కలిసి యతి కుదిరింది. ఉకారానికి ఎకారంతో మైత్రి లేదు. మొదట ‘ఒత్తర’ అయి ఉంటుంది.

కరీంనగర్ రైతుబిడ్డ: గంప ఒత్తుడేంది సార్, అవేమన్న కాళ్లా?

పాతపుస్తకం: మొదటి అక్షరం బదులు రెండో అక్షరం కలిస్తే చాలనే ప్రాసయతి మరిచారా మాస్టారూ? ‘త్త’కు ‘త్త’ పడింది, చాలదూ? వాన మాటొచ్చి ఇంతసేపైనా రాయలవారిని ఎవరూ తలవలేదు, అదీ నా బాధ. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో ముసురు పట్టిన ఊళ్లో ఇల్లిల్లూ తిరిగితే గాని కాస్త నిప్పు దొరకదు. దొరికినా తడికట్టెలు రాజుకోవు, ఇల్లంతా పొగ. ఏనుగెక్కి తిరిగే చక్రవర్తికి వంటింటి పొయ్యి కష్టం ఎలా తెలిసిందో!

ఛందోభిమాని: ప్రాసయతి తేటగీతికి, ఆటవెలదికి. సామెతకు ఎవరిచ్చారు?

నెల్లూరమ్మాయి: సామెతకు యతి ఉండాలని మాత్రం ఎవరన్నారు?

బడిపంతులు: సోమవారం పిల్లలకు ఏ గంప చెప్పమంటారు?

పాతపుస్తకం: ఆ వర్ణనలోనే పొలాల్లో తడిసే రెడ్ల పద్యం కూడా ఉంది. రాత్రికి టైపు చేసి పెడతాను.