మోడల్ బరువు, సీజీ చూపిస్తుంటే చేతి లెక్క ఇంకా ఎందుకు?

బాలానగర్ బాబు:
మా షాపులో రెండు రోజులుగా ఇదే గొడవ. ఒక హైడ్రాలిక్ పవర్ ప్యాక్ (ఆయిల్‌ను ఒత్తిడితో పంపే యంత్రం) చేస్తున్నాం. పొడవు రెండు మీటర్లు, ఒక చివర 200 లీటర్ల ట్యాంకు, ఇంకో చివర మోటారు, పంపు, మధ్యలో వాల్వులు. క్రేన్‌తో ఎత్తడానికి నాలుగు లిఫ్టింగ్ లగ్గులు (హుక్కు తగిలించే చెవులు) పెట్టాలి. 3డి డిజైన్ సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్‌లో మాస్ ప్రాపర్టీస్ నొక్కితే ఘనపరిమాణం, బరువు, సీజీ (గరిమనాభి, అంటే బరువంతా ఒకే చోట ఉన్నట్టు లెక్కించే బిందువు) అన్నీ వచ్చేశాయి, లగ్గులు ఆ ప్రకారమే పెట్టాను. మా సీనియర్ గారేమో చేతి లెక్క షీటు జత చేయకపోతే సంతకం పెట్టనంటున్నారు. బోల్టులతో కలిపి 400 పైచిలుకు పార్టులున్నాయి, ఇవన్నీ ఎక్సెల్‌లో మళ్లీ కొట్టాలా? మీ దగ్గర ఎలా చేస్తారు?

సిక్స్ డెసిమల్:
కొట్టొద్దు బ్రో. నేను పుణెలో ఆరేళ్లుగా ఫిక్స్చర్లు (పని ముక్కను పట్టి ఉంచే పరికరాలు) డిజైన్ చేస్తున్నా, ఒక్కసారి కూడా చేతి లెక్క చేయలేదు. చేత్తో చేసేటప్పుడు రంధ్రాలు వదిలేస్తాం, చాంఫర్లు (వాలుగా కోసిన అంచులు) వదిలేస్తాం, వంపు తిరిగిన కాస్టింగ్ అయితే "సుమారు డబ్బా అనుకుందాం" అంటాం. సాఫ్ట్‌వేర్ అలా ఏదీ వదలదు. తక్కువ కచ్చితమైన లెక్కతో ఎక్కువ కచ్చితమైన లెక్కను చెక్ చేయడమేంటి? మీ సీనియర్‌కి కంప్యూటరంటే భయం, అంతే.

ఫిట్టర్ మామ:
తమ్ముడూ, భయం కంప్యూటర్ గురించి కాదు, దాని ముందు కూర్చున్నవాడి గురించి. నేను పనిచేసిన ఒక చోట 1500 × 1000 సైజు, 20 మి.మీ. మందం ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ప్లేటు డ్రాయింగ్ వచ్చింది, టైటిల్ బ్లాకులో బరువు 30 కిలోలు. దించడానికి ఇద్దరు హెల్పర్లు చాలు, క్రేన్ వద్దన్నారు. పొడవు, వెడల్పు మీటర్లలో, మందం మి.మీ.లో వేసి ఉక్కు డెన్సిటీ 7.85తో గుణించు: 1.5 × 1 × 20 × 7.85 = 235.5 కిలోలు. మెటీరియల్ పెట్టడం మర్చిపోయాడు, సాఫ్ట్‌వేర్ దాన్ని నీళ్లనుకుంది. ఇది నోటి లెక్క, దీనికి ఎక్సెల్ కూడా అక్కర్లేదు.

సిక్స్ డెసిమల్:
అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు కదా మామా. మెటీరియల్ ఇవ్వకపోతే సాలిడ్‌వర్క్స్ ఘన మీటరుకు 1000 కిలోలు తీసుకుంటుంది. ఫ్యూజన్ సాఫ్ట్‌వేర్ అయితే ఉక్కు తీసుకుంటుంది, కాబట్టి అల్యూమినియం పార్టు దాదాపు మూడింతలు బరువు చూపిస్తుంది. ఆటోక్యాడ్‌లో మాస్‌ప్రాప్ కమాండ్ కొడితే డెన్సిటీ 1 అనుకుంటుంది, ఘనపరిమాణం ఎంతో బరువూ అంతే అంకె. ఇవి తెలుసుకుని టెంప్లేట్‌లో ముందే మెటీరియల్ పెట్టుకుంటే సరిపోతుంది.

జామెట్రీ పిచ్చి:
మధ్యలో దూరుతున్నా. సాలిడ్ మోడల్ ఘనపరిమాణాన్ని లోపల ముక్కలు పేర్చి కొలవరు. వస్తువును కప్పిన ముఖాల మీదే ఇంటిగ్రేషన్ చేస్తారు, ఉపరితలం పూర్తిగా తెలిస్తే లోపలిదంతా తెలిసినట్టే. సీజీ కూడా అదే దారిలో వస్తుంది. కాబట్టి ఆకారం వరకు ఆ అంకెను అనుమానించాల్సిన పని లేదు. 50 మి.మీ. రౌండ్ బార్‌కి మన వర్క్‌షాప్ సూత్రం, వ్యాసం వర్గాన్ని 162తో భాగించడం, మీటరుకు 15.43 కిలోలు ఇస్తుంది. 7850 డెన్సిటీతో మోడల్ 15.41 ఇస్తుంది. ఆ 20 గ్రాముల తప్పు మన సూత్రానిదే.

ఎస్టీఎల్ లాంటి మెష్ ఫైలైతే వేరే కథ. అక్కడ గుండ్రం అంటే పలకలే. వృత్తంలో ఇమిడే 12 పలకలతో సిలిండర్ వస్తే ఘనపరిమాణం 4.5 శాతం తగ్గిపోతుంది, 36 పలకలైతే అర శాతం. స్కాన్ చేసిన కాస్టింగ్‌ల దగ్గర ఇది చూసుకోండి. ఇక డెన్సిటీ అంటారా, అది మనం టైపు చేసేదే, అందులో సాఫ్ట్‌వేర్ తెలివేమీ లేదు.

విశాఖ యార్డ్:
ఓడల పనిలో ఉన్నాను. స్పెయిన్ ఎస్-80 జలాంతర్గామి గురించి వినే ఉంటారు. 75 టన్నులకు పైగా బరువు ఎక్కువైందని 2013లో బయటపడింది, దశాంశ బిందువు తప్పు చోట పడిందని వార్తల్లో వచ్చింది. చివరికి జలాంతర్గామి పొడవు దాదాపు 10 మీటర్లు పెంచాల్సి వచ్చింది. అందుకే మాకు చేతి లెక్కా మోడలూ రెండూ అంచనాలే, కాటా మీద పెట్టాకే బరువు. వెల్డింగ్‌కి రెండు శాతం కలుపుతాం, గాల్వనైజింగ్ (జింక్ పూత) ఉంటే చదరపు మీటరుకు 610 గ్రాములు, రెండు వైపులా. ఇవేవీ మోడల్‌లో ఉండవు.

ఫిట్టర్ మామ:
కాటా అన్నారు కాబట్టి ఇంకోటి చెప్తాను, ఇది కొంచెం పెద్దది. మూడు మీటర్ల స్కిడ్ (యంత్రాలు బిగించే ఉక్కు ఫ్రేము), మోటారు ఒక పక్క, పంపు ఇంకో పక్క. డ్రాయింగ్‌లో 1510 కిలోలు, కాటా మీద 1500. అందరూ చప్పట్లు. ఒకే హుక్కు, మోడల్ చెప్పిన సీజీ మీదే, అంటే మోటారు చివర నుంచి 1284 మి.మీ. దగ్గర. క్రేన్ లాగగానే పంపు వైపు కిందకు వాలిపోయింది. పక్కన మనుషులు లేరు కాబట్టి బతికిపోయాం.

తర్వాత చూస్తే మోటారు స్టెప్ ఫైలు (3డి మోడల్ ఫైలు) నిండు ముద్దగా వచ్చింది, 79 లీటర్లు ఇంటూ 7.85, 620 కిలోలు. అసలు మోటారు 400. పంపులో కొన్ని భాగాలు మందం లేని ఉత్త సర్ఫేస్‌లుగా వచ్చాయి, వాటి బరువు సున్నా, అసలు పంపు 500 అయితే మోడల్‌లో 290. ఒకటి పెరిగింది, ఒకటి తగ్గింది, మొత్తం మాత్రం కలిసిపోయింది! స్కిడ్‌ను రెండు చివర్లా ఆనించి పంపు వైపు మాత్రం కాటా పెడితే 763 వచ్చింది. 763 × 3000 ÷ 1500 వేస్తే 1526 మి.మీ. మోడల్‌కీ దీనికీ 24 సెంటీమీటర్ల తేడా. మొత్తం బరువు కుదిరిందని సీజీ కుదిరినట్టు కాదు నాయనా.

సిక్స్ డెసిమల్:
సరే, ఇది గట్టి ఉదాహరణే, ఒప్పుకుంటా. కానీ ఒక్క మాట. అదే 620ని, అదే 290ని ఎక్సెల్‌లో వేసినా అదే 1284 వచ్చేది కదా? మరి చేతి లెక్క ఏం కాపాడినట్టు?

ఫిట్టర్ మామ:
మోడల్ నుంచి కాపీ కొడితే ఏమీ కాపాడదు, ఆ మాట నిజం. చేత్తో రాయాలంటే మోటారు బరువు ఎక్కడో చూడాలి, క్యాటలాగ్ తీస్తావు, నేమ్‌ప్లేట్ చూస్తావు. అక్కడ 400 ఉంటే 620 రాయడానికి చెయ్యి రాదు. 400 పార్టులూ రాయమని నేననట్లేదు. బరువైనవి ఓ పది చాలు, మిగతావన్నీ ఒక ముద్దగా వెయ్యి.

జామెట్రీ పిచ్చి:
క్యాటలాగ్ బరువును మోడల్‌లో ఓవర్‌రైడ్ చేసేవాళ్లకు, అంటే సాఫ్ట్‌వేర్ అంకె బదులు తామే టైపు చేసేవాళ్లకు, ఒక జాగ్రత్త. బరువు మాత్రమే మారిస్తే సీజీ పాత ఆకారం ప్రకారమే ఉండిపోతుంది, దాన్ని విడిగా మార్చాలి. ఇంకోటి, సీజీ అంకెలు ఏ ఆరిజిన్ (సున్నా బిందువు) నుంచి వచ్చాయో చూడకుండా డ్రాయింగ్‌లో రాసేవాళ్లు బోలెడుమంది. ముందు స్కిడ్ మూల దగ్గర ఒక కోఆర్డినేట్ సిస్టమ్ పెట్టుకుని దాని నుంచి తీయండి.

బాలానగర్ బాబు:
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి కూర్చున్నా. పార్టుల లిస్టును బరువు ప్రకారం సార్ట్ చేస్తే మూడు పార్టులకు మెటీరియలే లేదు, సిగ్గుగా ఉంది. మోటారు మామ చెప్పినట్టే నిండు ముద్ద. సరిచేశాక సీజీ ట్యాంకు వైపు 11 సెంటీమీటర్లు జరిగింది. పది లైన్ల షీటు చేసి పొద్దున సీనియర్ గారికిచ్చా. ఆయన ఒకే ప్రశ్న అడిగారు, "ఇందులో ట్యాంకు ఖాళీదా, నిండుదా?"

మోడల్‌లో ఖాళీదే. 200 లీటర్ల ఆయిలంటే లీటరుకు 0.87 కిలోల లెక్కన 174 కిలోలు, అదీ ఒక చివర.

సిక్స్ డెసిమల్:
ఆయిల్ తీసేసి ఎత్తాలి అని డ్రాయింగ్‌లో ఒక నోట్ రాసెయ్.

ఫిట్టర్ మామ:
సైట్‌లో ఆ నోట్ చదివి ఆయిల్ తీసిన రిగ్గర్‌ని (క్రేన్‌కు బరువు కట్టేవాణ్ణి) నేనింతవరకు చూడలేదు.

బాలానగర్ బాబు:
నోటూ రాస్తున్నా, ఖాళీ సీజీ, నిండు సీజీ రెండూ డ్రాయింగ్‌లో వేస్తున్నా. ఏ స్థితిలో ఎత్తినా సీజీ నాలుగు లగ్గుల మధ్యే పడేలా ట్యాంకు వైపు లగ్గులు రెండూ ఇంకాస్త బయటకు జరపాలి. అక్కడ ఫ్రేములో లగ్గు వెల్డ్ చేయడానికి ఛానెల్ (ఉక్కు దూలం) లేదు, ఇప్పుడు అదొక పని.