వైల్ రీడ్ లూపు మొదటి లైన్ కాడే ఆగిపోతంది, ఎవరన్నా చూడండి

గుంటగట్టు: అన్నలూ, సాయంత్రం 6 నుంచి ఇదే పని, ఇప్పుడు 11 దాటింది, ఇంక నా వల్ల కావట్లా. ఒక టెక్స్ట్ ఫైల్ ఉంది, 9 లైన్లు. బాష్‌లో (కమాండ్లు నడిపే షెల్) వైల్ రీడ్ లూపు పెట్టి ఒక్కో లైన్ తీసుకుని లోపల ఒక కమాండ్ రన్ చేస్తన్నా, అంతే. మొదటి లైన్‌కి బ్రహ్మాండంగా పనిచేసి లూపు అయిపోతంది, ఎర్రర్ కూడా రాదు. కమాండ్ తీసేసి ఊరికే లైన్‌ని తెర మీద చూపించే ఎకో పెడితే అన్ని లైన్లూ వస్తన్నాయి, మళ్లా కమాండ్ పెడితే ఒకటే. ఫైల్‌లో తప్పేం లేదు, పదిసార్లు చూసినా. ఫోన్లోంచి రాస్తన్నా కాబట్టి కోడ్ పెట్టలేకపోతన్నా. 4 గంటల కల్లా ఇది నడవాల.

పాత యూనిక్స్: ఫైల్‌లో ఉన్నదాన్ని క్యాట్‌తో బయటికి తీసి, ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదానికిచ్చే పైప్‌లో వైల్‌కి పంపిస్తన్నావా తమ్ముడూ? అట్టయితే ముందు అది మానెయ్. బాష్‌లో పైప్ అవతల ఉన్న వైల్ సబ్‌షెల్‌లో, అంటే విడిగా పుట్టే ఇంకో షెల్‌లో నడిచిద్ది, లోపల కౌంట్ ఎంత పెంచుకున్నా బయటికొచ్చాక మళ్లా సున్నానే. కార్న్ షెల్‌లో పైప్ ఆఖరి ముక్క అదే షెల్‌లో నడిచేది, ఆ అలవాటుతో బాష్‌కి వచ్చినోళ్లంతా ఇక్కడే పడతారు. బాష్ 4.2 నుంచి అట్టాగే నడిపే లాస్ట్‌పైప్ అని ఆప్షన్ ఇచ్చారు గానీ జాబ్ కంట్రోల్ ఆఫ్‌లో ఉంటేనే అది పనిచేసిద్ది.

గుంటగట్టు: పైప్ లేదన్నా, లూపు ముగిసే డన్ పక్కనే ఫైల్ ఇచ్చినా.

ఒంగోలు కుర్రోడు: ఫర్ లూపు పెట్టి క్యాట్ చెయ్ బ్రో, అయిపోద్ది

పాత యూనిక్స్: అట్టా చెప్పబాకండి. ఫర్‌కి లైన్ల లెక్క తెలీదు, ఖాళీ కనపడిన చోటల్లా కోసేసిద్ది. ‘తూర్పు గుంట’ అని ఒక లైన్ ఉంటే రెండుసార్లు తిరిగిద్ది, ఒకసారి తూర్పు, ఇంకోసారి గుంట. వైలే కరెక్టు, కాకపోతే రీడ్‌కి మైనస్ ఆర్ పెట్టాలి, లేదంటే బ్యాక్‌స్లాష్‌లు మింగేసిద్ది. రీడ్ ముందు ఐఎఫ్ఎస్ (ఎక్కడ విడదీయాలో చెప్పే వేరియబుల్) ఖాళీగా ఇస్తే లైన్ మొదట్లో, చివర్లో ఉన్న ఖాళీలు కూడా పోవు.

రూట్: కమాండ్ ఏంది?

గుంటగట్టు: మామూలు ఎస్ఎస్‌హెచ్ అన్నా, ఇంకో మిషన్‌లోకి దూరం నుంచి పోయేది. అల్లూరు పక్కన మావి వెనామీ రొయ్యల గుంటలు, ఒక్కో గట్టు మీద రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి పెట్టినాం, ఆక్సిజన్ రీడింగ్ దాంట్లో పడతా ఉంటాది. ఇంట్లో ల్యాప్‌టాప్ నుంచి ఒక్కోదాంట్లోకి పోయి ఆఖరి రీడింగ్ తెచ్చుకోవాల. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా దిగిపోద్ది, అప్పటికి రీడింగ్ చేతిలో లేకపోతే ఏ గుంటలో ఏరేటర్లు పెంచాలో తెలీదు.

రూట్: ఎస్ఎస్‌హెచ్‌కి మైనస్ ఎన్ పెట్టు.

పాత యూనిక్స్: ఆ ముక్క ముందే చెప్పాల్సింది గదా తమ్ముడూ. డన్ దగ్గర ఇచ్చిన ఫైల్ లూపు మొత్తానికీ స్టాండర్డ్ ఇన్‌పుట్ అయిద్ది. రీడ్ అందులో ఒక లైన్ తీసుకుందా, తర్వాత ఎస్ఎస్‌హెచ్ కూడా అదే ఇన్‌పుట్‌కి నోరు పెట్టి మిగిలిందంతా లాగేసి అవతలి మిషన్‌కి పంపేసిద్ది. రెండో తడవ రీడ్ వచ్చేసరికి అక్కడ ఏమీ మిగల్లా, అందుకే ఎర్రర్ రాలా. మైనస్ ఎన్ పెడితే ఎస్ఎస్‌హెచ్ తన ఇన్‌పుట్ స్లాష్ డెవ్ స్లాష్ నల్ నుంచి తీసుకుంటది, అక్కడ ఎప్పుడూ ఖాళీనే. వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తోనూ ఇదే గోల. ఎస్ఎస్‌హెచ్‌కి ఇన్‌పుట్ నిజంగా కావాలంటే ఫైల్‌ని డిస్క్రిప్టర్ 3 (తెరిచిన ఫైల్‌కి ఇచ్చే నంబర్) మీద తెరిచి రీడ్‌కి మైనస్ యూ 3 ఇవ్వాలి.

గుంటగట్టు: వచ్చినాయన్నా!! కానీ 8. తొమ్మిదో గుంట రాలా.

చీమకుర్తి: ఆఖరి లైన్ తర్వాత ఎంటర్ కొట్టావా? లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ మైనస్ ఎల్ ఎంత చూపిస్తంది?

గుంటగట్టు: 8 అనే చూపిస్తంది. ఎకో పెట్టినప్పుడు లెక్కపెట్టలా, వరసగా వచ్చేసరికి అన్నీ అనుకున్నా.

చీమకుర్తి: అదే మరి. పోసిక్స్ అనే యూనిక్స్ స్టాండర్డ్ ప్రకారం న్యూలైన్‌తో ముగిస్తేనే అది లైన్, నీ ఫైల్‌లో ఉండేది 8 లైన్లే.

ఒంగోలు కుర్రోడు: కంటికి 9 కనపడతంటే లైన్ కాదంటారేంది

చీమకుర్తి: కనపడేది టెక్స్ట్. లైన్ వేరు.

పాత యూనిక్స్: రీడ్ ఆ ముక్కని వేరియబుల్‌లోకి తెచ్చిద్ది, కానీ న్యూలైన్ దొరకలేదని ఫెయిల్ అని చెప్పిద్ది, దాంతో వైల్ ఆగిపోద్ది. రీడ్ తర్వాత ‘లేదా లైన్ ఖాళీ కాకపోతే’ అని కండిషన్ చేరిస్తే ఇంకెప్పుడూ ఈ బాధ ఉండదు.

ఒంగోలు కుర్రోడు: అంటే రీడ్ కూడా దాన్ని చదివిందనేగా, మరి లైనే గదా

గుంటగట్టు: ఎంటర్ కొట్టినా, 9 వచ్చినాయి. ఏడో గుంట 3.4 చూపిస్తంది, గట్టు మీదకి పోతన్నా. థాంక్స్ అన్నా.

ఒంగోలు కుర్రోడు: ఆ డిస్క్రిప్టర్ 3 ఎందుకు, 4 పెట్టకూడదా?

పాత యూనిక్స్: పెట్టొచ్చు. 0, 1, 2 ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్‌లకి ముందే వాడకంలో ఉంటాయి, వాటిని ముట్టుకోబాక.