అమ్మానాన్నలతో గాల్వెస్టన్ క్రూజ్: ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి, జబ్బు చేస్తే ఏం చేస్తారు?

ప్రశ్న (ప్లేనో నుంచి)

అందరికీ నమస్తే. హెచ్-1బీ మీద వచ్చి ఇంకా ఏడాది కూడా కాలేదు, తెలియక అడుగుతున్నాను. అమ్మానాన్న ఖమ్మం నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు. అపార్ట్‌మెంట్‌లో కూర్చుని విసుగెత్తిపోతున్నారని గాల్వెస్టన్ నుంచి మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్ళొచ్చే క్రూజ్‌కి మొన్న వీకెండ్ డిపాజిట్ కట్టేశాను. నాన్నకి స్టెంట్ వేశారు, అమ్మకి షుగర్. వచ్చేటప్పుడు ఇండియాలో తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఇద్దరికీ ఉంది. బుకింగ్ చేసేటప్పుడు క్రూజ్ వాళ్ళది కూడా ఒకటి కనిపించింది కానీ నేను టిక్ పెట్టలేదు.

ఇప్పుడు ఆఫీసులో ఒకాయన “షిప్‌లో వాంతులైతే రూమ్‌లో పెట్టి తాళం వేస్తారు, ఒక్క డాలరు కూడా వెనక్కి రాదు” అని భయపెట్టాడు. నిజంగా అలాగే చేస్తారా? ఉన్న ఇన్సూరెన్స్ సరిపోతుందా, లేక ఇంకోటి తీసుకోవాలా? దయచేసి చెప్పండి.

టాంపా నుంచి

తాళం ఎవరూ వెయ్యరు తమ్ముడూ, కంగారు పడకు. గదిలో ఉండమనడం మాత్రం నిజం.

షిప్పుల్లో ఎక్కువగా వచ్చేది నోరోవైరస్. సోకిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది, ఒకటి నుంచి మూడు రోజులు వాంతులు, విరేచనాలతో సతాయించి పోతుంది. 24 గంటల్లో మూడు అంతకన్నా ఎక్కువ నీళ్ళ విరేచనాలైనా, వాంతులతో పాటు జ్వరమో కడుపునొప్పో ఉన్నా షిప్ డాక్టరు లాగ్‌లో రాయాల్సిందే. విదేశీ పోర్టు తాకి అమెరికా పోర్టుకి వచ్చే షిప్పు ఆ లెక్క సీడీసీకి, అంటే అమెరికా ప్రభుత్వ అంటువ్యాధుల నివారణ సంస్థకి పంపాలి. ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ 2 శాతం మందికి వస్తే ప్రత్యేకంగా కబురు చెయ్యాలి, 3 శాతం దాటితే ఆ షిప్పు పేరు సీడీసీ సైటులో పెడతారు. అందుకే వాళ్ళు అంత కచ్చితంగా ఉంటారు. మామూలుగా లక్షణాలు తగ్గిన తర్వాత 24 గంటల దాకా గదిలోంచి బయటికి రావద్దంటారు. వంట, వడ్డన చేసే సిబ్బందికైతే 48 గంటలు.

కోవిడ్ సంగతి అడగలేదు కానీ అడుగుతావు. క్రూజ్ షిప్పుల కోసం సీడీసీ పెట్టిన కోవిడ్ ప్రోగ్రామ్ 2022 జూలై 18తో ముగిసింది. ఇప్పుడు ఏ కంపెనీ రూల్ ఆ కంపెనీదే, బుకింగ్ పేపర్లలో చూసుకో.

ఇంకో మాట. శానిటైజర్ రాసుకుంటే చాలనుకోవద్దు, నోరోవైరస్ మీద అది అంతగా పనిచెయ్యదు. సబ్బు, నీళ్ళతోనే కడుక్కోవాలి. బఫే గరిటె పట్టుకున్న చేత్తో తినే అలవాటు మనది కాబట్టి ఇది ఇంట్లో పెద్దవాళ్ళకి మరీ మరీ చెప్పు.

కేటీ నుంచి (ఇన్సూరెన్స్ క్లెయిమ్స్‌లో పనిచేస్తున్నాను)

డిపాజిట్ కట్టి వారమే అయితే నీ చేతిలో ఇంకా టైమ్ ఉంది. ముందు అది చెప్తాను.

ఇక్కడ దొరికే ట్రావెల్ ఇన్సూరెన్స్‌లు పాత జబ్బుల వల్ల వచ్చే ఖర్చు మామూలుగా ఇవ్వవు. పాలసీ కొనే ముందు 60 నుంచి 180 రోజుల మధ్య, అంటే పాలసీలో ఎన్ని రాస్తే అన్ని రోజుల్లో, మందు మార్చినా, డోసు పెంచినా, కొత్త టెస్టు రాసినా అది పాత జబ్బు కిందికే వస్తుంది. ఆ షరతు ఎత్తేసే వేవర్ ఒకటుంది. అది కావాలంటే మొదటి డిపాజిట్ కట్టిన 14 నుంచి 21 రోజుల్లోపు కొనాలి, వెనక్కి రాని ఖర్చు మొత్తానికీ కొనాలి, కొనే రోజున ప్రయాణం చెయ్యగలిగేంత ఆరోగ్యంగా ఉండాలి. నీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ తేదీ. చాలామంది ప్రయాణానికి వారం ముందు వెతకడం మొదలుపెడతారు, అప్పటికి వేవర్ దొరకదు.

ఈ పాలసీ నీకూ పనికొస్తుంది. నాన్నగారికి బాగోలేక నువ్వు ట్రిప్ మానుకోవాల్సి వస్తే నీ టికెట్టు డబ్బు నీ పాలసీలోంచే వస్తుంది, కుటుంబ సభ్యుల జబ్బు కూడా ఒప్పుకునే కారణాల్లో ఉంటుంది కనుక. వేవర్ లేకపోతే మాత్రం ఆయన స్టెంట్ సంగతి నీ క్లెయిమ్‌కి కూడా అడ్డొస్తుంది.

చిక్కల్లా అమ్మానాన్నలకి కొనడంలో ఉంది. ఇలాంటి పాలసీలు చాలావరకు అమెరికాలో నివాసముండేవాళ్ళకే అమ్ముతారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఇచ్చేవి కొన్ని ఉన్నాయి, ఫోన్ చేసి కనుక్కోవాలి. ప్లేనో అడ్రసు వాళ్ళ సొంత అడ్రసుగా వేసి కొనొద్దు. ప్రీమియం తీసుకునేటప్పుడు ఎవరూ అడగరు, క్లెయిమ్ వేసినప్పుడు పాస్‌పోర్టు కాపీ అడుగుతారు.

ఇండియా పాలసీలో మూడు చూడు. ఒకటి, అమెరికాతో పాటు మెక్సికోలోనూ, షిప్ మీదా చెల్లుతుందా అన్నది. రెండు, అరవయ్యో డెబ్బయ్యో దాటినవాళ్ళకి హాస్పిటల్ గదికింత, సర్జరీకింత అని విడివిడి పరిమితులు ఉంటాయి. పైన రాసిన పెద్ద అంకె చూసి మురిసిపోవద్దు. మూడు, పాత జబ్బు గురించి ఏం రాశారన్నది. “ప్రాణాపాయం ఉంటేనే, అదీ పరిస్థితి కుదుటపడే వరకే” అన్న వాక్యం చాలా పాలసీల్లో కనిపిస్తుంది. ఇక్కడ కొన్న విజిటర్ ఇన్సూరెన్స్ అయినా దేశం దాటితే చెల్లుతుందో లేదో అడగాల్సిందే.

బుకింగ్‌లో టిక్ పెట్టలేదన్నావు, పెద్దగా పోయిందేమీ లేదు. క్రూజ్ కంపెనీలు అమ్మేవాటిలో వైద్యం ఖర్చు కొన్నిటిలో పది నుంచి పాతిక వేల డాలర్ల దగ్గరే ఆగిపోతుంది. క్రూజ్‌కి వైద్యానికి కనీసం లక్ష డాలర్లు, అత్యవసరంగా తరలించడానికి రెండున్నర లక్షలు ఉండేలా చూసుకోమని నేను చెప్తాను. నడిసముద్రంలోంచి అమెరికా కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ తీసుకెళ్తే బిల్లు వెయ్యరు. అసలు ఖర్చు కోజుమెల్ హాస్పిటల్ నుంచి హ్యూస్టన్‌కి ఎయిర్ అంబులెన్స్‌లో రావాల్సి వచ్చినప్పుడు. అది పదుల వేల డాలర్లలో ఉంటుంది. పైగా మెక్సికోలో ప్రైవేటు హాస్పిటళ్ళు చాలావరకు ముందు డబ్బు కట్టమంటాయి. అందుకని ఇన్సూరెన్స్ వాళ్ళ 24 గంటల సహాయం నంబరు ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా రాసి నాన్నగారి పర్సులో పెట్టు.

ఆర్లింగ్టన్ నుంచి

అక్కా, క్వారంటైన్ కవరేజీ గురించి కూడా చెప్పండి. నాకు అక్కడే తేడా కొట్టింది. మా అత్తగారికి షిప్‌లో వాంతులు పట్టుకుని గదిలో ఉంచారు. తర్వాత క్లెయిమ్ వేస్తే “ఇది క్వారంటైన్ కాదు” అని ఒక ఇన్సూరెన్స్ కంపెనీ తిప్పి పంపింది.

కేటీ నుంచి

అవునండి, అది చాలామందికి ఎదురయ్యేదే. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామాలో డైమండ్ ప్రిన్సెస్ క్రూజ్ షిప్పుని ఆపిన సంగతి గుర్తుండే ఉంటుంది. 3,711 మంది ఉన్న షిప్పు, ఏడు వందల మందికి పైగా కోవిడ్. అందులో మనవాళ్ళు కూడా ఉన్నారు, ఎక్కువమంది సిబ్బందే. ఫిబ్రవరి 27న ఎయిరిండియా విమానంలో 119 మందిని ఢిల్లీకి తెచ్చారు. అది జపాన్ ప్రభుత్వం పెట్టిన క్వారంటైన్. అమెరికాలో కూడా ఫెడరల్ ప్రభుత్వం మనిషిని ఆపగలిగే జబ్బులకి ఒక జాబితా ఉంది: కలరా, టీబీ, ప్లేగు, మీజిల్స్ లాంటివి. నోరోవైరస్ అందులో లేదు. దానికి గదిలో ఉంచేది షిప్ కంపెనీ, మనం టికెట్టుతో పాటు ఒప్పుకున్న కాంట్రాక్టు ప్రకారం.

కొన్ని పాలసీలు ప్రభుత్వాధికారి ఆర్డరు ఉంటేనే క్వారంటైన్ అని ఒప్పుకుంటాయి. కొన్ని డాక్టరు రాసిస్తే చాలంటాయి. బ్రిటన్‌లో అమ్మే క్రూజ్ పాలసీల్లో గదికి పరిమితమైన ప్రతి రోజుకీ ఇంత అని ఇచ్చే కవర్ మామూలే, ఇక్కడ అది వెతుక్కోవాలి. కొన్నాక 10 నుంచి 15 రోజుల దాకా చదివి నచ్చకపోతే డబ్బు వెనక్కి తీసుకునే వీలుంటుంది. ఆ రోజుల్లో డెఫినిషన్ల పేజీ తీసి ‘క్వారంటైన్’, ‘ఫిజీషియన్’ దగ్గర ఏం రాశారో చదివితే చాలు, మిగతా నలభై పేజీలు పక్కన పెట్టినా ఫరవాలేదు.

వార్తల్లో షిప్ పేరు వచ్చాక పాలసీ కొనడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. తెలిసిన ముప్పు అని తీసేస్తారు. భయమేసి మానుకున్నాం అంటే కూడా ఇవ్వరు. ఏ కారణానికైనా మానుకునే కవర్ వేరే ఉంది, ఖరీదెక్కువ. కట్టినదాంట్లో 50 నుంచి 75 శాతం ఇస్తారు, అదీ బయల్దేరడానికి 48 గంటల ముందే చెప్తేనే.

ఆర్లింగ్టన్ నుంచి

మా ఇంట్లో ఎలా జరిగిందో చెప్తాను, తమ్ముడికి ఒక అంచనా వస్తుంది. రాత్రి అత్తగారికి వాంతులు మొదలైతే రిసెప్షన్‌కి ఫోన్ చేశాం. మాస్కూ గ్లవ్స్ వేసుకుని నర్సు వచ్చింది, ఎప్పటి నుంచి, ఎన్నిసార్లు, ఏం తిన్నారు అని ఫారం నింపుకుంది. కొన్ని కంపెనీలు దీనికి కన్సల్టేషన్ ఫీజు తీసుకోవు, దాచిపెట్టకుండా చెప్తారని. సెలైన్ ఎక్కిస్తే మాత్రం బిల్లు రూమ్ అకౌంట్‌కి వెళ్ళిపోతుంది. ఆమె కీ కార్డు ఆపేశారు, పోర్టులో దిగబోతే గేటు దగ్గర బీప్ అంటుందన్నమాట. భోజనం ట్రేలో తలుపు బయట పెట్టేవాళ్ళు: తెల్లన్నం, అరటిపండు, క్రాకర్లు, సూపు. పెరుగు అడిగితే ప్లెయిన్ యోగర్ట్ కప్పులు ఇచ్చారు, మజ్జిగ చేసుకుని ఉప్పేసి తాగారు. ఖాళీ ట్రే, దుప్పట్లు రంగు సంచుల్లో కట్టి తీసుకెళ్ళేవాళ్ళు. మా ఇద్దర్నీ తిరగనిచ్చారు కానీ అది షిప్పుని బట్టీ, ఎన్ని కేసులున్నాయన్నదాన్ని బట్టీ ఉంటుంది.

పోయిన రోజులకి కొన్ని కంపెనీలు తర్వాతి ట్రిప్‌లో వాడుకోమని క్రెడిట్ ఇస్తాయి. హక్కుగా అడగలేం, మర్యాదగా అడిగి చూడొచ్చు.

ప్లేనో నుంచి

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. ఎక్కేముందు హెల్త్ ఫారం నింపమంటారట కదా. నాన్న “చిన్న అజీర్తికి కూడా రాస్తావా, ఒక మాత్ర వేసుకుంటే పోతుంది” అంటున్నారు. అందులో అవును అని రాస్తే ఎక్కనివ్వరా?

కేటీ నుంచి

నాన్నగారికి నా తరఫున చెప్పు: మాత్ర వేసుకుని విరేచనాలు ఆపి, ఫారంలో కాదు అని రాయడం అన్నిటికన్నా ఖరీదైన పని. గత రెండు మూడు రోజుల్లో వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్నాయా అని అడుగుతారు. అవునంటే నర్సుతో మాట్లాడిస్తారు, అందరినీ వెనక్కి పంపరు. తప్పు రాసి ఎక్కాక షిప్ డాక్టరు రిపోర్టులో “రెండు రోజులుగా ఉంది” అని పడితే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది.

నిజంగానే ఎక్కనివ్వకపోతే ఇంటికి తిరిగి రావద్దు, అదే రోజు గాల్వెస్టన్‌లోనో దారిలోనో అర్జెంట్ కేర్‌కి వెళ్ళి “ప్రయాణం చెయ్యకూడదు” అని రాయించుకో. ఎక్కనివ్వలేదని క్రూజ్ కౌంటర్ దగ్గర ఒక కాగితమో ఈమెయిలో తీసుకో. షిప్‌లో జబ్బు చేస్తే దిగే రోజు పొద్దున్నే మెడికల్ సెంటర్‌కి వెళ్ళి మూడు అడుగు: డాక్టరు రిపోర్టు, వివరంగా ఐటమ్స్ రాసిన బిల్లు, ఏ తేదీ ఏ గంట నుంచి ఏ గంట దాకా గదిలో ఉండమన్నారో రాసిన ఉత్తరం. దిగాక ఆ ఉత్తరం సంపాదించడం మహా కష్టం. మొత్తం పేపర్లు పంపడానికి చాలా పాలసీల్లో 90 రోజుల గడువుంటుంది.

అట్లాంటా నుంచి

ఇన్సూరెన్స్ కాదు కానీ చెప్పకపోతే తప్పు. నీ పాస్‌పోర్టులో హెచ్-1బీ వీసా స్టాంపింగ్ గడువు చూసుకున్నావా? గడువు దాటిన వీసాతో మెక్సికో, కెనడాలకి 30 రోజుల్లోపు వెళ్ళి ఐ-94తో (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే ప్రవేశ రికార్డు) తిరిగొచ్చే సదుపాయం ఉంది. కరీబియన్ దీవులకి ఆ సదుపాయం ఎఫ్ (స్టూడెంట్), జే (ఎక్స్ఛేంజ్) వీసాలవాళ్ళకే, హెచ్-1బీకి లేదు. తుఫాను వచ్చి షిప్పు రూటు మార్చిందంటే ఏం చేస్తావ్? గడువు దాటి ఉంటే లాయర్ని అడక్కుండా ఎక్కొద్దు. పాస్‌పోర్టులు ముగ్గురివీ గదిలోని సేఫ్‌లో పెట్టి ఊరు చూడ్డానికి దిగే అలవాటు చాలామందికి ఉంది. పెద్దాయన్ని కోజుమెల్‌లో హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సి వస్తే షిప్పు ఆగదు, కనీసం ఆయనదీ, ఆయనతో ఉండేవాళ్ళదీ పాస్‌పోర్టు వెంట ఉండాలి.

ప్లేనో నుంచి

స్టాంపింగ్ ఉందన్నా, గడువు ఇంకా రెండేళ్ళు. వేవర్‌కి ఇంకా తొమ్మిది రోజులున్నట్టు లెక్కతేలింది. విజిటర్లకి ఇచ్చే కంపెనీలకి రేపు ఫోన్ చేస్తాను. అమ్మ ఇన్సులిన్ గురించి ఏమైనా జాగ్రత్తలున్నాయా?

టాంపా నుంచి

టెర్మినల్‌లో అప్పజెప్పిన పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. ఇన్సులిన్, నాన్నగారి రక్తం పలచబడే మాత్రలు, ప్రిస్క్రిప్షన్ చీటీ చేతిసంచిలోనే ఉండాలి. మాత్రలు డబ్బాలోకి వంచకుండా స్ట్రిప్పులతోనే పెట్టు, వెళ్ళొచ్చే రోజులకి కాకుండా ఇంకో వారానికి సరిపడా. గదిలో ఫ్రిజ్ అన్నిటికీ ఉండదు, ఉన్నా కొన్నిటిలో సరిగ్గా చల్లబడదు. ఇన్సులిన్‌కి చల్లగా ఉండే ఫ్రిజ్ కావాలని క్రూజ్ వాళ్ళకి ఇప్పుడే ఈమెయిల్ పెట్టు. పచ్చడి తెచ్చుకోవాలనుకుంటే సీలు తియ్యని ప్యాకెట్టే తెచ్చుకోండి, ఇంట్లో చేసినవి సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు.